చెవి కోసుకునే మనిషి

మంగళవారం ఉదయం టీ విరామం రాకముందే అతను పదిహేడు హెడ్‌ఫోన్లు ఎర్ర ట్రేలో వేశాడు. పదిహేడింటికీ ఒకటే లోపం. ఎడమవైపు శబ్దం తక్కువ. తొమ్మిదేళ్లుగా ఆ బూత్‌లో కూర్చుంటున్నాడు, పూటకి మూడో నాలుగో ఎర్ర ట్రేలోకి పోవడం మామూలు. పదిహేడంటే మాటలు కాదు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. హెడ్‌ఫోన్ తలకి తగిలించుకుని పచ్చ మీట నొక్కాలి. లారీ ఇంజనులా ఎక్కడో అడుగున గురగురమని మొదలైన శబ్దం ఎనిమిది సెకన్లలో పైపైకి పాకి, సన్నటి తీగలా సాగి తెగిపోతుంది. వర్కర్లు దాన్ని ఈల అంటారు. ఆ ఈలలో ఎక్కడైనా జర్రుమన్నా, గీరుకున్నా, ఒక పక్క తగ్గినా ఆ ముక్క పనికిరాదు. రోజుకి తొమ్మిది వందల ఈలలు. యంత్రాలు పట్టుకోలేని చిన్న గీరుడు కూడా అతని చెవికి చిక్కుతుందని ఫ్యాక్టరీలో పేరుంది.

అక్కడ అందరూ అతన్ని ట్రైలర్ అంటారు. ఏ సినిమా వస్తోందన్నా విడుదలకి నెలముందే క్యాంటీన్‌లో దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాడు కాబట్టి ఆ పేరు పడింది. సినిమా ఒక్కటే కాదు. కొత్త వీడియో ఆట ఏది వచ్చినా, కొత్త ఫోన్ ఏది వచ్చినా, ఏ పాటలో ఏ వాయిద్యం వెనక ఏది దాక్కుని ఉందో తెలియాలన్నా అతన్నే అడగాలి. అడక్కపోయినా చెప్తాడు. ప్లేటులో అన్నం చల్లారిపోతున్నా సరే, వేళ్లతో బల్ల మీద తాళం వేస్తూ, "ఇక్కడ ఆగుతాడు చూడు, ఈ ఆగడంలోనే ఉంది మజా అంతా" అంటాడు. నలభై ఒక్కేళ్ల మనిషి కళ్లు అప్పుడు పదేళ్ల పిల్లాడి కళ్లలా అయిపోతాయి.

పదకొండింటికి లైన్ సూపర్‌వైజర్ ఎర్ర ట్రే పట్టుకుని వచ్చాడు. వాటిలో ఆరింటిని తనే పెట్టుకుని విన్నాడట, తర్వాత మీటరు మీద కూడా పెట్టాడట, అన్నీ లక్షణంగా ఉన్నాయట. నిద్ర సరిపోలేదేమో, మొహం కడుక్కుని రమ్మన్నాడు. గొంతులో కోపం లేదు. అందుకే అతనికి భయం వేసింది.

మొహం కడుక్కునే చోట ఎవరూ లేరు. అద్దం ముందు నిలబడి కుడి చెవి పక్కన బొటనవేలూ చూపుడువేలూ రాసి చూశాడు. ఎండుటాకుల చప్పుడు. ఎడమ చెవి పక్కన రాశాడు. ఇంకా గట్టిగా రాశాడు. చర్మం వేడెక్కింది తప్ప ఏమీ వినపడలేదు. కొళాయి కట్టేయడం మర్చిపోయి బయటికి వచ్చేశాడు.

తిరిగొచ్చాక ఒక ఉపాయం తోచింది. ఒకసారి మామూలుగా పెట్టుకుని ఈల విని, మళ్లీ హెడ్‌ఫోన్‌ని తిరగేసి పెట్టుకుని ఇంకోసారి విన్నాడు. అప్పుడు రెండు పక్కలూ కుడి చెవికే వస్తాయి. ఒక్కో ముక్కకి రెండు ఈలలు. సాయంత్రానికి లెక్క ఐదు వందలు దాటలేదు.

బూత్‌లు మొత్తం పన్నెండు, ఒకే వరసలో, పాతకాలం టెలిఫోన్ డబ్బాల్లా ఉంటాయి. ఆర్నెల్ల కిందటివరకూ వాటికి దళసరి తలుపులుండేవి. తియ్యడానికి రెండు సెకన్లు, వెయ్యడానికి రెండు సెకన్లు దండగవుతున్నాయని ఎవరో కొలిచి చెప్పారు. ఒక ఆదివారం వచ్చి తలుపులు ఊడదీసుకుపోయారు. హాలులో రొదంతా లోపలికొచ్చింది. వరసకి ఎడమవైపున ప్లాస్టిక్ ముక్కల్ని అతికించే యంత్రం ఉంది, అది నిమిషానికి పదిసార్లు కీచుమంటుంది. ఈల సరిగ్గా వినపడటంలేదని పన్నెండుమందీ మొత్తుకుంటే సూపర్‌వైజర్ ఈల గొంతు పెంచాడు. అలా మూడుసార్లు పెంచాడు.

అతను తిరగేసి పెట్టుకోవడం పక్క బూత్ ఆమె చూసింది. ముప్ఫై ఏళ్లుంటాయి, నాలుగేళ్లుగా పక్కపక్కనే. అతనిచ్చిన పాటలు బస్సులో వింటూ వచ్చి, పొద్దున్నే అర్థంకానివి అడిగేది. ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోయేటప్పుడు గేటు దగ్గర ఆగి, తనకి కూడా ఎడమ చెవిలో పురుగు దూరినట్టు ఒకటే రొద ఉంటోందనీ, ఎవరికీ చెప్పలేదనీ అంది. అతను తన సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది.

బుధవారం సాయంత్రం కూతురు ఆట పెట్టింది. పన్నెండేళ్ల పిల్ల. దీపస్తంభం కాపలాదారు ఆట అది. తెర మీద చీకటి తప్ప ఏమీ కనపడదు, అడుగుల చప్పుడుని బట్టి ఎవరు ఎటునుంచి వస్తున్నారో పోల్చుకోవాలి. టీవీకి రెండు పక్కలా ఉన్న స్పీకర్లు అతను పాత సామాన్ల కొట్టునుంచి తెచ్చి, చిరిగిన కాగితపు గిన్నెలు మార్చి, ఆరువారాలు కూర్చుని బాగుచేసినవి. ఈ ఆటలో తండ్రిని మించినవాళ్లు లేరని ఆ పిల్ల స్కూల్లో చెప్పుకుంటుంది.

ఆ సాయంత్రం ఐదు నిమిషాల్లో అతను నాలుగుసార్లు చచ్చిపోయాడు. అడుగులన్నీ కుడివైపునుంచే వస్తున్నట్టున్నాయి.

"నాన్నా, అటు కాదు. ఎడమ పక్కనించి వస్తున్నాడు, వినపడట్లా?" అంది కూతురు.

"కావాలనే. నువ్వు గెలుస్తావేమో చూద్దామని" అన్నాడు.

పిల్ల నవ్వలేదు. కంట్రోలరు పక్కన పెట్టింది. తర్వాత లేచి, తన కుర్చీని అతని కుడిపక్కకి జరుపుకుంది.

గురువారం ఏడాదికోసారి జరిగే చెవుల పరీక్ష. చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యి ఎత్తమన్నారు. కుడి చెవికి చెయ్యి ఎత్తుతూనే ఉన్నాడు. ఎడమ చెవి వంతు వచ్చాక చెయ్యి మోకాలి మీద అలాగే ఉండిపోయింది. పరీక్ష చేసే ఆవిడ రెండుసార్లు వైరు సరిచూసింది. కాగితం మీద కుడివైపు గీత చదునుగా నడిచి, ఎడమవైపు గీత సగం దూరం పోయాక గోతిలో పడింది. తనకు తెలిసి వరసలో అందరిదీ ఎడమ గీత కొంచెమో గొప్పో వంగిందనీ, అతనిదే బాగా పడిపోయిందనీ ఆవిడ మెల్లిగా చెప్పింది. ఆ మాట తను చెప్పినట్టు ఎవరితోనూ అనొద్దంది.

శుక్రవారం పదకొండింటికి సంక్షేమ అధికారి పిలిపించాడు. కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు. నిండా ముప్ఫై లేవు. బల్ల మీద కంప్యూటర్ పక్కన ఒక ఆటలోని గుర్రపురౌతు బొమ్మ ఉంది. దాన్ని చూడగానే, చెవుల సంగతి ఎలా మొదలుపెట్టాలా అనుకుంటూ వచ్చినవాడు ఆగలేక, ఆ బొమ్మ మొదటి భాగంలోదా, రెండో భాగంలోదా అని అడిగేశాడు.

అధికారి ముందుకి వంగాడు. "మీరు ఆడతారా?"

ఇంక అడగాలా. ఆ గదిలో ఏసీ చల్లగా ఉంది, తలుపు వేసి ఉంది, బయటి రొద లేదు. ఎదుటి మనిషి ఫోన్ బోర్లా పెట్టేసి, రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని వింటున్నాడు. పన్నెండో ఏట విప్పి మళ్లీ బిగించలేకపోయిన టేప్‌రికార్డర్ దగ్గర మొదలుపెట్టాడు. ఒక సినిమాని పదకొండుసార్లు చూశాననీ, కథ కోసం కాదనీ, వానలో హీరో తడిసిన అగ్గిపుల్ల గీసే చోట సంగీత దర్శకుడు వానని కూడా ఆపేసి ఆ పుల్ల చప్పుడొక్కటే ఉంచాడనీ, దానికోసమేననీ చెప్పాడు. స్పీకర్లు బాగుచేసిన వైనం చెప్పాడు. రోజుకి ఎంతసేపు వింటారంటే, మెలకువగా ఉన్నంతసేపూ అన్నాడు. గట్టిగా పెట్టుకుని వింటారా అంటే, కొన్ని పాటలు మెల్లిగా పెట్టుకుంటే ఆ పాటని అవమానించినట్టేనన్నాడు. సాయంత్రాలు డాబా మెట్ల మీద కూర్చుని, ఒకే ఇయర్‌ఫోన్‌ని కూతురూ తనూ పంచుకుంటామని చెప్పాడు. ఎడమది తనకి, కుడిది పిల్లకి. ఇద్దరూ ఒకేచోట ఒకేసారి తలూపుతారట, భార్య చూసి నవ్వుతుందట.

"మీకు సంగీతమంటే ఎంతిష్టమో ఒక్క మాటలో చెప్పమంటే?" అన్నాడు అధికారి.

"పాటంటే చెవి కోసుకుంటానండీ" అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. అధికారి వేళ్లు మీటల మీద టకటకా ఆడుతూనే ఉన్నాయి. ఇంతటి జ్ఞానం ఉన్న మనిషి తమ దగ్గర ఉన్నాడని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే అన్నాడు. ఆ మాటకి అతనికి ఒళ్లు పులకరించింది. డిజైన్ చేసేవాళ్ల గదిలోకి పంపిస్తాడేమో, కొత్త మోడళ్లు విని ఎలా ఉన్నాయో చెప్పమంటాడేమో అని కూడా తోచింది. నలభై నిమిషాలు గడిచాయి. చెవుల మాట రానేలేదు. చివర్న మూడు పేజీలు ప్రింటు తీసి, మనం మాట్లాడుకున్నదే, ఒక సంతకం పెట్టేయండి అన్నాడు అధికారి. మనం మాట్లాడుకున్నదే కదా అని సంతకం పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో అతను మూడు రోజుల తర్వాత మళ్లీ బల్ల మీద తాళం వేశాడు.

శనివారం మధ్యాహ్నం కవరు ఇచ్చారు. సోమవారం నుంచి ప్యాకింగ్‌కి మార్చారు. ఎడమ చెవిలో ఏర్పడిన లోపం సదరు ఉద్యోగి వ్యక్తిగత అభిరుచుల వల్ల కలిగినదనీ, అందుకు ఆయన వాంగ్మూలమే ఆధారమనీ, కంపెనీకి ఏ బాధ్యతా లేదనీ ఉంది. వెనక ఆ మూడు పేజీలూ జతచేశారు.

మెట్లెక్కి అధికారి గదికి వెళ్లాడు. తలుపు తీసే ఉంది. అధికారి కూర్చోమన్నాడు. మర్యాదకేం లోటు లేదు.

"బూత్ తలుపులు తీసేశారండీ. ఈల గొంతు పెంచారు. అది మీరు అడగలేదు" అన్నాడు అతను.

"మీరూ చెప్పలేదు కదా."

అతను కాగితం తిప్పి చూపించాడు. "పాటలు రెండు చెవులతోనూ వింటానండీ. పోయింది ఒక్కటే."

అధికారి మూడో పేజీ మీద వేలు పెట్టాడు. "ఎడమది నాకు, కుడిది మా అమ్మాయికి అని మీరే అన్నారు. చూడండి, మీ మాటలే. నేను ఒక్క అక్షరం కలపలేదు." తర్వాత గొంతు తగ్గించి, తనకి పైనుంచి ఇచ్చిన పని అది అన్నాడు. గొంతు తగ్గించడంతో ఆ మాట అతనికి సగమే వినపడింది.

ఇంట్లో భార్య ఆ కాగితాలు వంటింటి గట్టు మీద పరిచి చదివింది. ఆవిడ కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. ఎవరి మాటా నమ్మకుండా ఒక్కో అక్షరం చదివే అలవాటు. తిడుతుందేమోనని అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నిన్ను కూచోబెట్టి ఇంత ప్రేమగా ఎవరూ అడిగుండరు కదా. ఆగలేకపోయావు" అంది ఆవిడ.

ఆ మాటకి అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా ఏడుపు రాలేదు.

కూతురు ఎప్పుడు వచ్చిందో, తల్లి భుజం మీదుగా మూడో పేజీ చదివేసింది. ఇయర్‌ఫోన్ల సంగతి ఉన్న చోట కళ్లు ఆగిపోవడం ఇద్దరూ చూశారు.

"ఎడమది నేను తీసుకుని ఉండాల్సింది" అంది పిల్ల.

"దానివల్ల కాదమ్మా. ఫ్యాక్టరీలో రొద" అన్నాడు. ఇంకా చాలా చెప్పాడు, తలుపుల గురించీ, యంత్రం గురించీ. పిల్ల తలూపింది. తర్వాత గదిలోకి వెళ్లి ఇయర్‌ఫోన్ వైరు చుట్టచుట్టి, ఎక్కడ పెట్టిందో గానీ, ఆ రోజునుంచి అది మళ్లీ బయటికి రాలేదు.

భార్య మాత్రం కాగితం వదల్లేదు. చివరి కాగితం అడుగున చీమతలకాయలంత అక్షరాలున్నాయి. షాపునుంచి తెచ్చుకున్న భూతద్దం పెట్టి పైకి చదివింది. చెవి దెబ్బతినడానికి 'ఇతర కారణాలు' అనే గడిలో ఏమీ లేకపోతే కేసుని బయటి ఆసుపత్రికి పంపాలనీ, పనిచేసే చోట శబ్దం కొలిపించాలనీ ఉంది.

"నీ గడి నీ పాటలతో నింపేశారు. మిగతావాళ్లని ఎప్పుడు పిలుస్తున్నారు?" అంది.

మిగతా పదకొండుమందికీ సోమవారం పిలుపుంది. బోర్డు మీద వరసగా రాసి పెట్టారు.

ఆదివారం పొద్దున పదింటికి పదకొండుమందీ అతని ముందు గదిలో సర్దుకుని కూర్చున్నారు. చాలామంది ఆ ఇంటికి రావడం అదే మొదలు. గోడ నిండా అలమర్లు, వాటి నిండా డిస్కులు, పాత ప్లేయర్లు, ఆటల డబ్బాలు, మూడు తరాల ఫోన్లు. మ్యూజియంలోకి వచ్చినట్టు కొందరు చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. భార్య టీ ఇస్తూ ఆ చిన్న అక్షరాల సంగతి వివరించింది. తర్వాత అతను తలుపుకి దగ్గరగా ఒక కుర్చీ వేసుకుని, నేనే ఆఫీసరుని, ఒక్కొక్కళ్లూ వచ్చి కూర్చోండి అన్నాడు.

మొదట నవ్వులాటగా ఉంది. మూడో బూత్ పెద్దాయన వచ్చి కూర్చుని, పాటలు వినను, ఆటలు ఆడను అని పాఠం అప్పగించినట్టు చెప్పాడు. అతను సరేనని తలూపి, కాగితం పక్కన పెట్టేసి, "అవునూ, మొన్న టీవీలో ఆ పాత గూఢచారి సినిమా వేశారంటగా, చివర్లో వంతెన సీను కోసేశారంట, నిజమేనా?" అన్నాడు.

"కొయ్యడమా? సౌండు మార్చేశారు వెధవలు. హెడ్‌ఫోన్ పెట్టుకుని మరీ విన్నా, ఆ రైలు కూత..." అని ఎత్తుకున్నాడు పెద్దాయన. రెండు నిమిషాలు చెప్పాక గదిలో ఎవరూ నవ్వడంలేదని గమనించి ఆగిపోయాడు.

"దొరికిపోయారు" అన్నాడు అతను మెల్లిగా.

ఎవరికి ఏది ఇష్టమో అతనికి తెలుసు. ఆ ఇష్టాల్లో సగం అతను అంటించినవే. ఒకతనికి కార్ల పందేల ఆట. ఒకామెకి ఏడిపించే సీరియల్ పాటలు. ఇంకొకతను కొత్త ఫోన్ల వీడియోలు నిద్రమానుకుని చూస్తాడు. ఎక్కడ గోకితే ఎవరు నోరు తెరుస్తారో అక్కడే గోకాడు. ఆఫీసరు కంటే తియ్యగా అడిగాడు. తడబడినవాళ్లని మళ్లీ కూర్చోబెట్టాడు. నాకు తెలీదు అనేటప్పుడు కళ్లు మెరవకూడదు అన్నాడు. ఫోన్లలో పాటలు తీసేయించాడు. ఒక్కొక్కరూ తీసేస్తూ అతనివైపు చూశారు. వాటిలో చాలావాటిని వాళ్ల ఫోన్లలో ఎక్కించిందీ అతనే.

పక్క బూత్ ఆమెతో అన్నిటికంటే ఆలస్యమైంది. ఏ పాట పేరెత్తినా ఆమె పెదవి చివర వణికేది. ఐదోసారికి మొహం రాయిలా పెట్టుకోగలిగింది. బాగుంది, ఇలాగే ఉండు అన్నాడు. అందరూ వెళ్లిపోయాక, కడిగిన టీకప్పులు ఆరబెడుతూ భార్య ఏదైనా పాట పెట్టమంది. వద్దన్నాడు.

సోమవారం అతను ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడ్డాడు. మడిచిన అట్టని పెట్టెగా విప్పడం, లోపల నురుగు దిండు పెట్టడం, హెడ్‌ఫోన్ని దాంట్లో బోర్లా పడుకోబెట్టడం, వైరుని ఎనిమిది అంకెలా చుట్టి దోపడం, మూత వెయ్యడం. నేర్చుకోవడానికి పది నిమిషాలు పట్టలేదు. ఎదురుగా మెట్లు కనిపిస్తాయి. ఉదయం నుంచి ఒక్కొక్కరే పైకి వెళ్లి ఒక్కొక్కరే దిగి వస్తున్నారు. నలభై నిమిషాలు ఎవరూ ఉండలేదు. పది, పన్నెండు నిమిషాల్లోనే దిగిపోతున్నారు. మూడో బూత్ పెద్దాయన దిగేటప్పుడు ఇటు చూడకుండా తల వంచుకుని వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ అంతే. తప్పు చెప్పారేమో అనుకున్నాడు.

మూడు గంటలకి పక్క బూత్ ఆమె దిగి వచ్చింది. అందరిలోకీ ఆఖరు. ఆమె ఒక్కతే ప్యాకింగ్ బల్ల దగ్గరికి వచ్చి అట్టలు అందిస్తున్నట్టు నిలబడింది. గడి ఖాళీగానే ఉందంది. పదకొండుమందిదీ ఖాళీయేనట. అందరినీ బయటి ఆసుపత్రికి పంపక తప్పదని ఆఫీసరు ఫోన్లో ఎవరితోనో చిరాకుపడుతూ చెప్పాడట. హాలులో శబ్దం కొలవడానికి కూడా మనుషులు వస్తారట.

అతను ఇంక వెళ్లమన్నట్టు తలూపాడు. కానీ ఆమె కదల్లేదు. అట్ట అంచుని గోటితో గీరుతూ, ఇంకేదో చెప్పింది. అతనికి పెదవుల కదలిక కనపడింది, మాట అందలేదు.

"ఏమన్నావు?"

ఆమె మళ్లీ చెప్పింది. అతికించే యంత్రం కీచుమంది. అతను తల అడ్డంగా ఊపి, ఎడమ చెవి వైపు చూపించాడు. ఆమె బల్ల చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చి, ఈసారి గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. వరసలో ఇద్దరు తలెత్తి చూశారు.

"మీ గురించి అడిగాడు అన్నా. నాలుగేళ్లు ఆయన పక్కన కూచున్నారు కదా, ఒక్క పాటన్నా వినిపించలేదా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఆయనది ఒకటే సోది అన్నాను. ఎప్పుడూ చెవిన పెట్టలేదన్నాను. మాలో ఎవరికీ ఆయన మాటలు పట్టవన్నాను. రాసుకున్నాడు. అందరినీ అదే అడిగాడంట. అందరం అదే చెప్పాం."

అతను చేతిలో ఉన్న వైరుని చుట్టడం పూర్తిచేశాడు. దాన్ని దోపి, మూత వేసి, అంచులు సరిగ్గా కలిశాయో లేదో బొటనవేలితో రాసి చూసుకున్నాడు.

"బాగా చెప్పావమ్మా. అలాగే చెప్పాలి" అన్నాడు.

ఆమె ఇంకా అక్కడే ఉంది. సూపర్‌వైజర్ ఇటు వస్తున్నాడని చెప్పి ఆమెని పంపించేసి, ఇంకో అట్ట తీసుకున్నాడు.